రేపటి నీటి లెక్క

జూన్ మాసం వచ్చిందంటే కృష్ణా డెల్టాలో కాలువ చివరి భూముల రైతు ఆకాశంవైపు ఒకసారి, కాలువవైపు ఒకసారి చూస్తాడు. దుక్కి దున్నడం, విత్తనాలు సమకూర్చుకోవడం, అప్పు తెచ్చుకోవడం అతని చేతిలోని పనులు. నీరు మాత్రం అతని చేతిలో లేదు. ఎక్కడో సహ్యాద్రి కొండలలో కురిసిన వాన అనేక ఆనకట్టలను దాటి, నగరాల దాహం తీర్చి, ఎగువ పొలాలను తడిపి, మిగిలినది అతని మడికి చేరాలి. ఎంత మిగులుతుందనేది ఆ ఏటి వానపైనే గాక, ఎన్నో సంవత్సరాల క్రితం నిపుణులు వేసిన అంచనాలపై కూడా ఆధారపడి ఉంటుంది. అంచనా సరిగా ఉంటే చివరి మడి తడుస్తుంది. అది తప్పితే అన్నిటికంటె ముందు ఎండేది చివరి మడియే.

ఒక నదిలోకి వాన నీటిని చేరవేసే భూభాగమంతటినీ ఆ నది పరీవాహక ప్రాంతమని అంటారు. కృష్ణానది మహారాష్ట్రలోని మహాబలేశ్వరం వద్ద పుట్టి, కర్ణాటక, తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌ల మీదుగా దాదాపు 1,400 కిలోమీటర్లు ప్రవహించి, హంసలదీవి వద్ద బంగాళాఖాతంలో కలుస్తుంది. భీమ, తుంగభద్ర, మూసీ, మున్నేరు మొదలైన ఉపనదులతో కూడిన దాని పరీవాహక ప్రాంతం 2,58,948 చదరపు కిలోమీటర్లు. ఈ విశాల ప్రాంతంలో ముప్పై, నలభై సంవత్సరాల తరువాత జనం ఎందరుంటారు? వారు ఏ పంటలు పండిస్తారు? ఎంత నీరు తాగుతారు? స్నానానికి, విహారానికి ఎందరు నది ఒడ్డుకు వస్తారు? ఈ ప్రశ్నలకు ముందుగానే సమాధానం వెదకడమే జలావసరాల అంచనా.

నీరెంత?

అవసరాన్ని లెక్కించే ముందు నీటి లభ్యతను లెక్కించాలి. నదీజలాలను టి.ఎం.సి.లలో కొలుస్తారు. ఒక టి.ఎం.సి. అంటే నూరు కోట్ల ఘనపుటడుగులు, అనగా సుమారు 2,830 కోట్ల లీటర్లు. నదిలో ఏటా ఒకే పరిమాణంలో నీరు రాదు. ఒక ఏడు పొంగి పొర్లుతుంది, మరొక ఏడు ఇసుక తేలుతుంది. అందువలన అనేక సంవత్సరాల ప్రవాహాలను సేకరించి, ఎక్కువ నుండి తక్కువకు వరుసగా అమరుస్తారు. నాలుగు సంవత్సరాలలో కనీసం మూడు సంవత్సరాలు ఎంత నీరు తప్పక లభిస్తుందో ఆ పరిమాణాన్ని 75 శాతం విశ్వసనీయత గల ప్రవాహమని అంటారు. వాడుకలో నికరజలాలనేవి ఇవే.

కృష్ణా జలాల పంపకానికై 1969లో ఏర్పడిన బచావత్ ట్రిబ్యునల్ 1894-95 నుండి 1971-72 వరకు 78 సంవత్సరాల ప్రవాహాలను పరిశీలించింది. 75 శాతం విశ్వసనీయతతో 2,060 టి.ఎం.సి.ల నీరు లభిస్తుందని తేల్చి, మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లు కేటాయించింది. పొలాలకు పారిన నీటిలో కొంత తిరిగి నదిలోకి చేరుతుంది గనుక, ఆ పునరుత్పత్తి జలాలను కూడా రాష్ట్రాల వాటాలకు కలిపింది. తరువాత 2004లో ఏర్పడిన బ్రిజేశ్ కుమార్ ట్రిబ్యునల్ 1961-62 నుండి 2007-08 వరకు గల 47 సంవత్సరాల ప్రవాహాలను తీసుకొనగా, అదే విశ్వసనీయతకు 2,173 టి.ఎం.సి.లు వచ్చాయి. సగటు ప్రవాహం 2,578 టి.ఎం.సి.లుగా తేలింది. నది ఒక్కటే. ఎంచుకొన్న సంవత్సరాలు మారగానే జవాబు మారింది. నికరజలాలనే మాటలో స్థిరత్వం ధ్వనించినా, ఆ అంకె కూడా ఒక అంచనాయే.

సగటును నమ్ముకొంటే కలిగే ప్రమాదం ఇక్కడే ఉన్నది. 2002, 2003 సంవత్సరాలలో కరువు వచ్చి డెల్టాలో సైతం నీటికి కటకట ఏర్పడింది. 2009 అక్టోబరులో శ్రీశైలం ఆనకట్ట రూపకల్పనలో ఊహించిన గరిష్ఠ ప్రవాహాన్ని మించిన వరద వచ్చింది, కర్నూలు నగరం నీట మునిగింది. ఇటువంటి రెండు సంవత్సరాలను కూడి రెండుచేత భాగిస్తే చక్కని సగటు వస్తుంది. కాని ఆ సగటు నీరు ఏ ఏడూ ఏ రైతు పొలానికీ పారలేదు.

వరద నీటిని నిలవచేసి కరువులో వాడుకొనవచ్చునన్నది నిజమే. అయితే ఆ నిలవచేసే పాత్ర కూడా చిన్నదవుతున్నది. నాగార్జునసాగర్ జలాశయం తొలి సామర్థ్యం 408 టి.ఎం.సి.లు కాగా, పూడిక వలన 312కు తగ్గింది. శ్రీశైలం సామర్థ్యం 308 నుండి సుమారు 216 టి.ఎం.సి.లకు పడిపోయింది. ఈ రెండు జలాశయాలలో పూడిక ఆక్రమించిన చోటు 188 టి.ఎం.సి.లు. కృష్ణా డెల్టాకు బచావత్ ట్రిబ్యునల్ ఒక సంవత్సరానికి కేటాయించిన నీరు 181.2 టి.ఎం.సి.లు. డెల్టాకు ఒక ఏడాది సరిపడే నీటిని దాచగల చోటు మట్టిపాలైనదన్నమాట. ఇది చాలక ఎండకు ఆవిరైపోయే నీరు మరికొంత. శ్రీశైలం జలాశయంలో ఆవిరి నష్టానికే ట్రిబ్యునల్ ఏటా 33 టి.ఎం.సి.లు లెక్కకట్టింది. తెలుగుగంగ ద్వారా చెన్నై నగరానికి మూడు రాష్ట్రాలు కలిసి ఇవ్వవలసిన తాగునీటికి ఇది రెండింతల కంటె ఎక్కువ.

అవసరమెంత?

తాగునీటి అంచనా జనాభాతో ప్రారంభమవుతుంది. ఉదాహరణకు, ఒక పట్టణంలో లక్షమంది ఉన్నారనీ, గత దశాబ్దంలో ఇరవై వేలమంది పెరిగారనీ అనుకొంటే, ప్రతి దశాబ్దానికి అంతేమంది పెరుగుతారని భావించే పద్ధతిలో ముప్పై సంవత్సరాలకు జనాభా 1,60,000 అవుతుంది. ప్రతి దశాబ్దంలో ఇరవై శాతం పెరుగుతారని భావిస్తే 1,72,800 అవుతుంది. రెండు పద్ధతులూ శాస్త్రీయమైనవే. వ్యత్యాసం 12,800 మంది. భూగర్భ మురుగుకాలువలు గల పట్టణాలలో మనిషికి రోజుకు 135 లీటర్లు ఇవ్వాలన్నది మనదేశంలోని ఇంజనీర్లు పాటించే ప్రమాణం. దాని ప్రకారం ఆ వ్యత్యాసమే రోజుకు 17 లక్షల లీటర్లకు పైగా ఉంటుంది. గ్రామీణ గృహాలకు 2019లో ప్రారంభమైన జలజీవన్ మిషన్ నిర్ణయించిన ప్రమాణం 55 లీటర్లు. పల్లె పట్నమైనప్పుడు, జనాభా పెరగకపోయినా, నీటి అవసరం రెండింతలు దాటుతుంది.

ఈ విషయానికి హైదరాబాదు చరిత్రే నిదర్శనం. 1908లో మూసీనది వరద నగరాన్ని ముంచెత్తిన తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచనలను అనుసరించి 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ వెలిశాయి. అవి వరదను అడ్డుకొని, నగరానికి తాగునీటిని ఇచ్చాయి. ఐదు లక్షలలోపు జనాభాగల నాటి నగరానికి అవి సమృద్ధమైన వనరులు. 2011 జనాభా లెక్కల నాటికి మహానగరపాలక సంస్థ పరిధిలోనే 67 లక్షలమందికి పైగా ఉన్నారు. మంజీర నీరు వచ్చింది, సింగూరు నీరు వచ్చింది. 2004లో నూరు కిలోమీటర్లకు పైగా దూరం నుండి కృష్ణ నీటిని ఎత్తిపోసి తెచ్చారు. 2008లో, 2015లో కృష్ణ రెండవ, మూడవ దశలు పూర్తయినాయి. ఒక్కొక్క దశకు ఏటా 5.5 టి.ఎం.సి.ల నీరు కావాలి. ప్రతి తరం తన లెక్క చాలునని భావించింది. ప్రతి తరాన్నీ నగరం దాటిపోయింది.

అయినప్పటికీ పరీవాహక ప్రాంతమంతటినీ చూస్తే తాగునీటి వంతు చిన్నదే. కోటిమందికి రోజుకు 135 లీటర్ల చొప్పున సంవత్సరమంతా ఇస్తే సుమారు 17.4 టి.ఎం.సి.లు అవుతుంది. వరి పొలానికి పంటకాలమంతటికీ ఐదడుగుల లోతు నీరు కావాలనుకొంటే, ఆ పరిమాణం ఎనభై వేల ఎకరాల మాగాణికి మాత్రమే సరిపోతుంది. నాగార్జునసాగర్ ఆయకట్టు ఒక్కటే సుమారు 22 లక్షల ఎకరాలు. కనుక రేపటి నీటి అవసరాన్ని నిర్ణయించేది ప్రధానంగా నగరాలలోని కుళాయి కాదు, పొలాలలోని పంట. వరికి బదులు అపరాలు, మొక్కజొన్న వంటి ఆరుతడి పంటలు వేస్తే నీటి అవసరం ఎంతో తగ్గుతుంది. కాలువలకు లైనింగు చేసి, తూముల వద్ద కొలిచి ఇస్తే మరికొంత మిగులుతుంది. నగరాలకు ఇచ్చిన నీటిలో సుమారు 80 శాతం మురుగునీరుగా తిరిగి వస్తుందని ఇంజనీర్లు లెక్కకడతారు. దానిని శుద్ధిచేస్తే మూసీ దిగువన అదే నీరు మరొకసారి పంటను పండిస్తుంది. శుద్ధిచేయకపోతే అదే నీరు వ్యాధిని మోసుకొని పోతుంది. అవసరమనేది జనాభాతోపాటు తనంతట తాను పెరిగిపోయే అంకె కాదనీ, మనుషుల నిర్ణయాలతో పెరిగి తరిగేదనీ దీనినిబట్టి తెలుస్తుంది.

విహారం కూడా అవసరమే

నీటి లెక్కలలో తరచుగా విస్మరింపబడేది విహారం. తాగడానికే చాలనప్పుడు విహారమా అని కొందరు ఆక్షేపిస్తారు. కాని నదిని తెలుగువారు ఏనాడూ నీటిగొట్టంగా చూడలేదు. కార్తీకమాసంలో వనభోజనాలు, శివరాత్రినాడు శ్రీశైలంలో పాతాళగంగ స్నానాలు, సెలవుదినాలలో విజయవాడ వద్ద భవానీద్వీపానికి పడవ ప్రయాణం, సాగర్ నుండి నాగార్జునకొండ ప్రదర్శనశాలకు లాంచీ ప్రయాణం, ఇవన్నీ నదితో ముడిపడిన జీవితమే. పడవ నడిపేవారు, తినుబండారాలు అమ్మేవారు, వసతిగృహాలవారు దానిపైనే జీవిస్తున్నారు.

విహారావసరాన్ని లెక్కించే తీరు వేరు. పడవలో షికారు చేసినందువలన నది నీరు తరగదు, కాని జలాశయంలో తగినంత మట్టం ఉండాలి. సాగర్ పూర్తి మట్టం 590 అడుగులు. మట్టం బాగా దిగినప్పుడు నీటి అంచు రేవుకు దూరమై, రాళ్లు, బురద తేలుతాయి. పైన వానలు కురిసి గేట్లు ఎత్తినప్పుడు శ్రీశైలానికి, సాగర్‌కు జనం తండోపతండాలుగా వస్తారు. కావున సందర్శకుల సంఖ్యను నెలవారీగా సేకరించి, నీటిమట్టంతో, సెలవులతో, పండుగలతో సరిపోల్చాలి. ఇక్కడ సంవత్సర సగటు అక్కరకు రాదు, అత్యధిక రద్దీ గల రోజును చూడాలి. మరుగుదొడ్లు, తాగునీరు, పడవలు, ప్రాణరక్షణ కవచాలు ఆ రోజుకు సరిపోవాలి. 2017 నవంబరు 12న, కార్తీకమాసపు ఆదివారం, విజయవాడ సమీపంలోని పవిత్రసంగమం వద్ద విహారపు పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. రద్దీని ముందుగా ఊహించి తగిన ఏర్పాట్లు చేయడం వినోదానికి సంబంధించిన విషయం మాత్రమే కాదని ఆ దుర్ఘటన తెలిపింది.

విహారస్థలానికి ధర కట్టడం ఎట్లా? 1947లో హెరాల్డ్ హోటెలింగ్ అనే అమెరికా ఆర్థికశాస్త్రవేత్త ఒక ఉపాయం సూచించాడు. సందర్శకుడు ఎంత దూరం నుండి వచ్చాడో, రాకపోకలకు ఎంత ఖర్చుపెట్టాడో తెలుసుకొంటే ఆ స్థలానికి అతడిచ్చే విలువ తెలుస్తుంది. ప్రవేశరుసుము పది రూపాయలే కావచ్చు. దానిని చూడడానికి అతడు వేయి రూపాయలు ఖర్చుచేసి ఉంటే అసలు విలువ ప్రవేశపత్రంపైన లేదు. ప్రయాణవ్యయ పద్ధతిగా పేరొందిన ఈ విధానంతో సరస్సులకు, ఉద్యానవనాలకు విలువకట్టడం నేడు అనేక దేశాలలో జరుగుతున్నది.

కాలక్రమంలో ఒకే జలాశయం ఉపయోగం మారిపోవడం కూడా ఉన్నది. కృష్ణా పరీవాహక ప్రాంతంలో, మూసీ ఉపనదిపై 16వ శతాబ్దంలో నిర్మించిన హుస్సేన్‌సాగర్ ఒకప్పుడు హైదరాబాదుకు తాగునీరిచ్చింది. నేడు దాని మధ్యలో 1992లో ప్రతిష్ఠించిన బుద్ధవిగ్రహాన్ని చూడడానికి, సాయంకాలపు గాలి పీల్చడానికి జనం వస్తారు. ఆ నీటిని మాత్రం ఎవరూ నోట పోసుకోరు. విహారస్థలంగా మిగిలినదే గాని, మురుగు చేరడం వలన జలవనరుగా దానిని నగరం పోగొట్టుకొన్నది.

కొలరాడో నేర్పిన పాఠం

నీరు, విహారం రెండింటి అంచనాలూ ఒకేసారి తలకిందులైన ఉదాహరణకు అమెరికాలోని కొలరాడో నదిని చూడవచ్చు. అది కృష్ణ కంటె పొడవైనదే అయినా నీటిలో చిన్నది. 1922లో ఏడు రాష్ట్రాలు దాని నీటిని పంచుకొంటూ ఎగువ, దిగువ ప్రాంతాలకు చెరి 75 లక్షల ఎకరపుటడుగులు నిర్ణయించుకొన్నాయి. ఎకరం నేలపై అడుగు లోతు నిలిచే నీటిని ఎకరపుటడుగు అంటారు. రెండు వాటాలూ కలిపితే సుమారు 650 టి.ఎం.సి.లు. అయితే నాడు లెక్కకు తీసుకొన్న సంవత్సరాలు కొద్ది, అవి కూడా వానలు బాగా కురిసినవి. వృక్షాల కాండాలలోని వలయాలను పరిశీలించిన శాస్త్రజ్ఞులు, కొన్ని శతాబ్దాలలోకెల్లా నీరు అధికంగా పారిన కాలాలలో అది ఒకటని తరువాత కనుగొన్నారు. లేని నీటిని కాగితంపైన పంచినట్లయింది.

దాని ఫలితం వెంటనే తెలియలేదు. హూవర్ ఆనకట్ట వెనుక ఏర్పడిన మీడ్ సరస్సు ఏటా లక్షలాది విహారయాత్రికులకు నెలవైంది. 2000 నుండి దీర్ఘమైన అనావృష్టి రాగా సరస్సు కుంగింది. 2021లో చరిత్రలో మొదటిసారిగా నీటి కొరతను ప్రభుత్వం అధికారికంగా ప్రకటించింది. 2022 వేసవిలో, సరస్సు నిండిన నాటినుండి ఎన్నడూ లేనంత అడుగుకు మట్టం దిగింది. పడవలు దింపే రేవులు ఒకటొకటిగా మూతపడ్డాయి. సేద్యానికి కోతపడిన నాడే విహారానికీ కోతపడింది.

అదే నదిపై మరొక దృశ్యం కూడా ఉన్నది. మీడ్ సరస్సు నీటిపై ఆధారపడిన లాస్‌వేగాస్ నగరప్రాంతంలో ఈ శతాబ్దంలో జనాభా లక్షల సంఖ్యలో పెరిగింది. కాని ఆ ప్రాంతం నది నుండి నికరంగా వాడుకొనే నీరు తగ్గింది. ఇంటి ముందు అలంకారానికి పెంచే పచ్చికను తొలగించినవారికి ధనసహాయం చేశారు. ఇళ్లలో వాడిన నీటిని శుద్ధిచేసి తిరిగి సరస్సుకు పంపారు. జనాభా పెరిగితే నీటి వాడకం పెరిగి తీరుతుందన్న పాత సూత్రాన్ని ఆ ఎడారి నగరం తప్పని నిరూపించింది.

లెక్క ఎవరి కోసం?

ఈ అనుభవాలను బట్టి మంచి అంచనాకు కొన్ని లక్షణాలు చెప్పవచ్చు. అది ఒకే అంకెను ఇవ్వదు. వానలు బాగున్నప్పుడు, సాధారణంగా ఉన్నప్పుడు, కరువులో ఎంతెంత నీరుంటుందో, ఎవరికెంత కావాలో వేర్వేరుగా చూపుతుంది. పూడికను, ఆవిరిని దాచిపెట్టదు. జనాభా లెక్కలు వచ్చినప్పుడల్లా, పంటల తీరు మారినప్పుడల్లా సవరణకు నిలబడుతుంది. పొదుపు చేస్తే ఎంత మిగులుతుందో కూడా చెబుతుంది. అన్నిటికంటె ముఖ్యంగా, నీరు తగ్గిన ఏడు ఎవరికి ముందు కోత పెట్టాలో ముందుగానే చెబుతుంది. ఆ మాట చెప్పకుండా వదలివేస్తే నిర్ణయం జరగకమానదు. ఎగువ తూమువాడు తన పొలానికి మళ్లించుకొంటాడు, దిగువవాని కాలువ ఎండుతుంది. నోరున్న నగరానికి నీరు చేరుతుంది, నోరులేని పల్లెకు చేరదు.

కృష్ణానదికి పన్నెండేళ్లకొకసారి పుష్కరాలు వస్తాయి. 2004లో వచ్చాయి, 2016లో వచ్చాయి, మళ్లీ 2028లో రానున్నాయి. ఆ పన్నెండు రోజులలో స్నానానికి వచ్చేవారి సంఖ్యను పూర్వానుభవంతో చాలావరకు ఊహించవచ్చు. ఘాట్లు కట్టవచ్చు, బస్సులు నడపవచ్చు. ఆనాటికి నదిలో ఎంత నీరుంటుందో మాత్రం ఏ పంచాంగమూ చెప్పలేదు. తెలిసిన అవసరానికీ తెలియని నీటికీ నడుమ వంతెన కట్టడమే అంచనా పని. ఆ వంతెన గట్టిదైతే ఘాటుమీద యాత్రికుడు మునక వేస్తున్న వేళకే, కాలువ చివర రైతు తన మడికి తూము ఎత్తుకోగలుగుతాడు.